మందిరంలోకి రాజకీయం వచ్చినప్పుడు సంఘం చీలకుండా ఎలా నడపాలి

2013 జూలై 30, మంగళవారం. తెలంగాణ ఇవ్వాలని ఢిల్లీలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానించిందని సాయంత్రం నుంచి టీవీలో స్క్రోలింగ్ మొదలైంది. ఆ ఆదివారం హైదరాబాద్‌లోని మా చర్చి సంఘానికి జనం ఎప్పట్లాగే వచ్చారు, పాటలూ ఎప్పట్లాగే పాడారు, కూర్చునే చోట్లు మాత్రం మారిపోయాయి. ఇరవై ఏళ్లుగా ఒకే బెంచీలో కూర్చునే రెండు కుటుంబాలు, ఒకరిది వరంగల్ వైపు, ఒకరిది తెనాలి వైపు, ఆ రోజు నడవకి చెరో పక్కన కూర్చున్నాయి. ఎవరూ ఎవర్నీ ఒక్క మాటైనా అనలేదు. ఆరాధన అయ్యాక టీ దగ్గర నిలబడే వాళ్లు కూడా ఆ రోజు బండి తీసుకుని తిన్నగా ఇంటికి వెళ్లిపోయారు.

అప్పుడు సంఘ కమిటీ సెక్రటరీని నేనే. అక్కణ్నుంచి ఇప్పటిదాకా రాష్ట్రం విడిపోవడం చూశాం, మూడు పార్లమెంటు ఎన్నికలు చూశాం, మణిపూర్ చూశాం, ఎస్సీ వర్గీకరణ తీర్పు వచ్చినప్పుడు బెంచీలు మళ్లీ సర్దుకోవడమూ చూశాం. ఇంత కాలంలో మేం సరిగ్గా చేసినవి కొన్ని, తప్పు చేసి చేతులు కాల్చుకున్నవి చాలా. కాపరులకూ (పాస్టర్లకూ) సంఘ పెద్దలకూ, వాళ్ల మీద చిరాకు పడుతూ వెనక బెంచీలో కూర్చునే మామూలు విశ్వాసులకూ పనికొస్తాయని రాస్తున్నాను. ఎవరికి ఓటెయ్యాలో మాత్రం నన్ను అడగొద్దు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, కింద రాసినవన్నీ దీని మీదే నడుస్తాయి. మందిరంలో పార్టీల గురించి నోరు కట్టుకోవాలి, దెబ్బతిన్న మనిషి గురించి నోరు విప్పాలి. మన సంఘాల్లో చాలా చోట్ల దీన్ని తిరగేసి చేస్తారు. ఎమ్మెల్యే వస్తే శాలువా కప్పి మైకిస్తారు, పక్క ఊళ్లో ఎవరి ఇల్లో తగలబడితే "మనకెందుకండీ రాజకీయాలు" అంటారు.

ముందు, ఎవరికి ఏ భయం ఉందో తెలుసుకోండి

రాజకీయం గురించి మనిషి గట్టిగా అరుస్తున్నాడంటే అడుగున ఏదో భయం ఉంటుంది. పార్టీ పేరు పైకి కనపడే మూత, అంతే. 2013లో మా సంఘంలో వరంగల్ వైపు వాళ్ల కోపం వెనక 610 జీవో (తెలంగాణలో ఉద్యోగాల్లో ఉన్న స్థానికేతరుల్ని వెనక్కి పంపాలన్న ఉత్తర్వు) ఉంది, 1985లో ఇచ్చిన ఆ జీవో సరిగ్గా అమలయి ఉంటే మా అన్నకి ఉద్యోగం వచ్చేది అనే లెక్క ఉంది. తెనాలి వైపు వాళ్ల కోపం వెనక, లోన్ తీసుకుని కట్టుకున్న ఇల్లు ఉంది, రేపు పిల్లలకి లోకల్ సర్టిఫికెట్ ఇస్తారా ఇవ్వరా అనే టెన్షన్ ఉంది. ఆ ఇంటి గోడు ఈ ఇంటికి తెలీదు, ఇన్నేళ్లలో ఒకరినొకరు అడిగిందీ లేదు.

కాబట్టి పని ఇళ్ల దగ్గర మొదలుపెట్టండి. కాపరి గానీ ఇద్దరు పెద్దలు గానీ, వీలైతే చెరో వైపు వాళ్లు ఒక్కొక్కరు, బాగా ఉడికిపోతున్న అయిదారు ఇళ్లకి వెళ్లండి. వెళ్లి కూర్చుని ఒకే ప్రశ్న అడగండి: "దీనివల్ల మీ ఇంట్లో ఏం జరుగుతుందని భయపడుతున్నారు?" పార్టీ గురించి వాళ్లు మొదలుపెడితే విని, మళ్లీ అదే ప్రశ్న అడగండి. వాదించొద్దు, సర్దిచెప్పొద్దు, వాక్యం చెప్పేసి లేచి రావద్దు. మేం ఇది చేసింది సెప్టెంబర్‌లో, అంటే రెండు నెలలు ఆలస్యంగా. అప్పటికే కొన్ని ఇళ్లలో తలుపు సగమే తీశారు.

ఈ తిరుగుడులో ఒక విషయంలో చాలా జాగ్రత్త. కులం సర్టిఫికెట్ సంగతి ఎత్తొద్దు. రాష్ట్రపతి 1950లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ చేర్చారు, క్రైస్తవులకి మాత్రం ఈ రోజుకీ లేదు. బాప్తిస్మం తీసుకున్న దళితుడు మన దగ్గర బీసీ-సీ కిందకి వస్తాడు. ఇది తెలిసి కొందరు ఒకలా, తెలియక కొందరు ఒకలా, గత్యంతరం లేక కొందరు ఇంకోలా బతుకుతున్నారు. ఎవరి కాగితం మీద ఏముందో మీకు అనవసరం. 2024 ఆగస్టు 1న వర్గీకరణకి సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు ఒప్పుకున్నప్పుడు, మాల మాదిగ కుటుంబాలు కలిసి కూర్చునే తెలుగు సంఘాలు ఎన్నిట్లోనో ఒక బెంచీలో సంతోషం, వెనక బెంచీలో దిగులు. అలాంటి ఆదివారం "మనలో కులం లేదు, అందరం క్రీస్తులో ఒక్కటే" అని ఒక్క ముక్కలో కొట్టేస్తే ఇద్దరికీ కడుపు మండుతుంది. ఒక్కటే అయితే పెళ్లిళ్లు ఎక్కడ కుదురుస్తున్నారో చూపించమంటారు. అప్పుడు మీ దగ్గర సమాధానం ఉండదు.

ప్రార్థనలో ప్రచారం చెయ్యకండి

ప్రసంగంలో పార్టీ మాట రాకుండా జాగ్రత్తపడే వాళ్లు కూడా ప్రార్థనలో దొరికిపోతారు. "ప్రభువా, ఈ దుష్టుల చేతిలో నుండి మా రాష్ట్రాన్ని విడిపించు" అని ఒక బ్రదర్ కళ్లు మూసుకుని ప్రార్థిస్తే, ఆ దుష్టులకే ఓటేసిన మనిషి పక్కనే మోకాళ్ల మీద ఉంటాడు. ఆమెన్ అనాలా వద్దా? ప్రసంగం నచ్చకపోతే తర్వాత అడగొచ్చు, ప్రార్థనకి ఎదురు ఏం చెప్తారు. అందుకే ప్రార్థనలో చేసే రాజకీయం ప్రసంగంలో చేసేదానికంటే దుర్మార్గం అని నా అభిప్రాయం.

మా దగ్గర పనిచేసిన పద్ధతి ఇది. విజ్ఞాపన ప్రార్థనకి ఇద్దరిని పిలవండి, చెరో వైపు వాళ్లని. ముందు రోజే ఫోన్ చేసి, అవతలి వాళ్ల భయం ఏమిటో చెప్పి, దాని కోసం మీరు ప్రార్థించాలి అని అడగండి. లోకల్ సర్టిఫికెట్ గురించి వరంగల్ ఆయన ప్రార్థించాలి, ఉద్యోగం రాని అన్న గురించి తెనాలి ఆయన ప్రార్థించాలి. మొదటిసారి అడిగినప్పుడు ఇద్దరిలో ఒకాయన "నా వల్ల కాదు సార్" అని ఫోన్ పెట్టేశారు. బలవంతం చెయ్యలేదు. మూడో వారం ఆయనే ఫోన్ చేశారు.

మాటలు దొరకకపోతే ఇలా మొదలుపెట్టొచ్చు:

"తండ్రీ, మా దేశాన్ని ఏలుతున్నవారిని, మా రాష్ట్రాన్ని ఏలుతున్నవారిని నీ చేతికి అప్పగిస్తున్నాము. మేము ఓటు వేసినవారి కొరకు, వేయనివారి కొరకు ఒకే నోటితో అడుగుతున్నాము. ఉద్యోగం కొరకు ఎదురుచూసే ఇంటిని, ఇల్లు పోతుందేమోనని భయపడే ఇంటిని జ్ఞాపకం చేసుకో. మా నోటికి కావలి యుంచు."

రాజుల కొరకు, అధికారులందరి కొరకు ప్రార్థించమని పౌలు తిమోతికి రాసిన నాటికి పైన కూర్చున్నది రోమా చక్రవర్తి, పౌలు ఎన్నుకున్న మనిషి కాదు. చెరపట్టుకుపోయిన పట్టణం క్షేమం కోరమని యిర్మీయా రాస్తే అది బబులోను. నచ్చిన ప్రభుత్వం కోసం ప్రార్థించడానికి ఎవరూ ఉత్తరాలు రాయనక్కర్లేదు కదా.

మైకు ఎవరి చేతికీ ఇవ్వకండి

ఇక్కడ మేం చేసిన తప్పు చెప్పాలి. 2014 ఏప్రిల్ 20, ఈస్టర్. తెలంగాణలో పోలింగ్ పది రోజుల్లో ఉంది. తెల్లవారుజాము ఆరాధనకి ఒక అభ్యర్థి వచ్చారు. ఏ పార్టీ అన్నది అనవసరం. "రెండు నిమిషాలు శుభాకాంక్షలు చెప్పి వెళ్లిపోతారు" అని ఆయన మనిషి నా చెవిలో అన్నాడు. ఇంటికొచ్చిన వాణ్ని కాదనడం ఏం మర్యాద అని నేనే మైకు ఇప్పించాను. రెండు నిమిషాలు పదకొండు నిమిషాలయింది. పునరుత్థానం దగ్గర మొదలుపెట్టి కమ్యూనిటీ హాలు దగ్గరకొచ్చి, గుర్తు పేరు చెప్పి ముగించారు. మధ్యలోనే రెండు కుటుంబాలు లేచి బయటికి వెళ్లాయి. వాళ్ల వెనక పరిగెత్తిన నాకు గేటు దగ్గర ఒక ఆంటీ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మేం సమాధి దగ్గరికి వచ్చాం నాయనా, మీటింగుకి కాదు."

తర్వాత ఒక లాయర్ బ్రదర్ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. మత సంస్థల దుర్వినియోగాన్ని అడ్డుకోవడానికి 1988లోనే కేంద్ర చట్టం ఉంది. ప్రార్థనా స్థలాన్ని రాజకీయ కార్యక్రమానికి వాడనిస్తే ఆ సంస్థని నడిపేవాళ్ల మీద కేసు అవుతుంది, జైలు శిక్ష దాకా ఉంది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా గుడి, మసీదు, చర్చి దేన్నీ ప్రచారానికి వాడొద్దంటుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123(3) సెక్షన్ ప్రకారం మతం, కులం, భాష పేరుతో ఓటడగడం అవినీతి చర్య, ఎన్నికే రద్దు కావచ్చు. అది అభ్యర్థి మతానికే కాక ఓటరు మతానికీ వర్తిస్తుందని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం నలుగురికి ముగ్గురు తేడాతో చెప్పింది. అంటే, ఆ రోజు మర్యాద అనుకుని నేను చేసిన పని, సంఘం మొత్తాన్ని కోర్టు మెట్లు ఎక్కించగలిగే పని.

ఇప్పుడు మేం ఏం చేస్తామంటే, ఎన్నికల షెడ్యూల్ రాగానే కమిటీలో ఒక తీర్మానం రాసి సంతకాలు పెట్టి నోటీసు బోర్డు మీద అంటిస్తాం: పోలింగ్ అయ్యేదాకా ఏ పార్టీ వారికీ మైకు, శాలువా, ముందు వరసలో కుర్చీ ఉండవు. అభ్యర్థి వస్తే గేటు దగ్గరే ఎదురెళ్లి ఇలా చెప్పండి: "అన్నా, ఆరాధనకి వచ్చారు, చాలా సంతోషం, లోపలికి రండి, మాతో పాటు కూర్చోండి. కమిటీ తీర్మానం ఉంది, మైకు మాత్రం ఎవరికీ ఇవ్వట్లేదు. నిన్న అవతలి వాళ్లకీ ఇదే చెప్పాం." ఆ ఆఖరి మాట నిజమై ఉండాలి సుమా. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వలేదంటే మీ తీర్మానం చింపి పారేసినట్టే.

మైకు తర్వాత డబ్బు. ప్రహరీ గోడ, సౌండ్ సిస్టమ్, వాటర్ కూలర్, క్రిస్మస్ చీరలు. ఎన్నికల ఏడాది వచ్చే ప్రహరీ గోడకి తాపీ మేస్త్రీ ఒక్కడే రాడు, వెనక ఒక లెక్క పుస్తకం కూడా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకి ప్రభుత్వం నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం పెట్టింది. చిన్న పల్లె సంఘంలో కానుకలు నెలకి రెండు వేలు కూడా రాని కాపరికి ఆ డబ్బు ఎంతో నాకు తెలుసు, తీసుకున్న వాళ్లని తప్పుపట్టను. కానీ తీసుకుంటున్నానని సంఘానికి బాహాటంగా చెప్పండి. మా అయ్యగారు ఎందుకు మాట్లాడట్లేదో అని సంఘం గుసగుసలాడే పరిస్థితి తెచ్చుకోవద్దు.

"మీ సంఘంలో ఎన్ని ఓట్లు?" అని అడుగుతారు చూడండి, దానికి నేను చెప్పే జవాబు: "ఎంతమంది పెద్దవాళ్లుంటే అన్ని, ఒక్కటీ నా చేతిలో లేదు." మన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్, 1930ల్లోనే క్రైస్తవులకి వేరే నియోజకవర్గాలు వద్దని గట్టిగా నిలబడ్డారు. ఓట్ల కోసం విడిగా మూట కడితే సంఘం సంఘంగా ఉండదు, ఇంకో కులంలా తయారవుతుందని ఆయన భయం. తర్వాత రాజ్యాంగ సభలో కూడా హెచ్.సి. ముఖర్జీ వంటి క్రైస్తవ సభ్యులు రిజర్వుడు సీట్లు వదులుకున్నారు. గొప్ప త్యాగం అని మన వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ త్యాగం పూర్తిగా మింగుడుపడదు. వదులుకున్న వాళ్లు చదువుకున్న వాళ్లు, మరుసటి ఏడాది 1950 ఉత్తర్వుతో దెబ్బతిన్నది పల్లెల్లో పాలేరుతనం చేసుకునే దళిత క్రైస్తవులు. సరే, ఇది వేరే రోజు మాట్లాడుకుందాం.

వాట్సాప్ గ్రూపుని అదుపులో పెట్టండి

2013లో మాకు సంఘం వాట్సాప్ గ్రూపు లేదు. దేవుని కృప. ఉండి ఉంటే ఆ సంఘం ఇప్పుడు ఉండేది కాదని నా నమ్మకం. ఇప్పుడు 180 మంది ఉన్న గ్రూపు ఉంది, పొద్దున వాగ్దాన వచనం, ఆ వెంటనే "అర్జెంట్, అందరికీ పంపండి". రేపటి నుంచి చర్చిలన్నీ మూసేస్తారట అని ఒకటి, ఫలానా నాయకుడు రహస్యంగా బాప్తిస్మం తీసుకున్నాడట అని ఒకటి. రెండోది మన వాళ్లకి మరీ ఇష్టం, ఎన్నికలకొకసారి తప్పకుండా వస్తుంది. ఇంకో మాట, కోపం వస్తే రానివ్వండి: గ్రూపులో అన్నిటికంటే వేడిగా ఉండేది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు. ఇక్కడికొచ్చి ఓటేసేదీ లేదు, పొద్దున్నే పక్కింటాయన మొహం చూసే పనీ లేదు.

నియమాలు పెద్దగా అక్కర్లేదు. ప్రార్థన విన్నపాలూ, సంఘం ప్రకటనలూ, చావూ పుట్టుకా, ఇంతే ఆ గ్రూపులో. రాజకీయం ఏదైనా సరే, నిజమైనా సరే, అందులో వద్దు. ఎన్నికల నెలలో అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా సెట్టింగ్ మార్చేయండి, నాలుగు రోజులు గొణుగుతారు, తర్వాత హాయిగా ఉందంటారు. అడ్మిన్లలో రెండు వైపుల వాళ్లూ ఉండాలి.

అబద్ధం వచ్చేస్తే ఏం చెయ్యాలి? ఎవరు పంపారో వాళ్లకి ముందు విడిగా ఫోన్ చేయండి. "అక్కా, మీరు పెట్టింది నేనూ చూశాను, ఇది పాత వీడియో, మీరే తీసేస్తారా?" అంటే పదిమందిలో ఎనిమిది మంది తీసేస్తారు. తీసేశాక గ్రూపులో పేరు చెప్పకుండా ఒక్క వాక్యం పెట్టండి: "పొద్దున వచ్చిన వీడియో పాతది, దయచేసి ముందుకి పంపకండి." ఊరికే డిలీట్ చేస్తే చాలదు, అప్పటికే అది నాలుగు గ్రూపుల్లోకి పోయి ఉంటుంది. లేనివార్తను పుట్టించవద్దని నిర్గమకాండం 23వ అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది. మన అబద్ధం మన దేవుడికి మేలు చేస్తుందిలే అనుకునేవాళ్లు ఆ వచనాన్ని ఎలా చదువుతారో నాకైతే అర్థం కాదు. ఒక వైపు మాటే వింటే అదే న్యాయంగా కనపడుతుందనీ, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేటపడుతుందనీ సామెతల గ్రంథం 18వ అధ్యాయంలో ఉంది. దాన్నే మా గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టుకున్నాం.

మాట్లాడాల్సిన చోట మాట్లాడండి

పైన చెప్పినవన్నీ విని, హమ్మయ్య, ఏమీ మాట్లాడనక్కర్లేదన్నమాట అనుకునే కాపరులు ఉంటారు. నేనన్నది అది కాదు. పార్టీ మైకు పట్టుకోనివాడికే బాధితుడి గురించి మాట్లాడే నోరు మిగులుతుంది.

కెన్యా సంగతి చూడండి. 2007 డిసెంబర్ ఎన్నికల్లో అక్కడి సంఘాలు చాలా వరకు తమ తమ తెగల నాయకుల వైపు మొగ్గాయి. ఫలితాల మీద గొడవలు మొదలయ్యాయి, 2008 జనవరి 1న ఎల్డొరెట్ దగ్గర కియంబా అనే చోట, ప్రాణభయంతో జనం దాక్కున్న చర్చికే నిప్పుపెట్టారు. ఆడవాళ్లూ పిల్లలూ కాలిపోయారు. ఆగండి అని చెప్పడానికి కాపరులు నోరు తెరిస్తే వినేవాడు లేడు, మీరు వాళ్ల మనుషులే కదా అన్నారు. ఆ ఫిబ్రవరిలో అక్కడి జాతీయ సంఘాల మండలి, మేం పక్షం వహించాం కాబట్టే నిలబడలేకపోయాం అని బహిరంగంగా ఒప్పుకుని క్షమాపణ అడిగింది. ఒప్పుకోవడం మంచిదే, కానీ చర్చి కాలిపోయాక.

మన దేశంలో ఎమర్జెన్సీ రోజులు, 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా. సంఘాల పెద్దలు ఎక్కువమంది మౌనంగా ఉన్నారు, కొందరు మెచ్చుకున్నారు కూడా. కేరళలోని మార్తోమా సంఘ అధ్యక్షులు యూహానోన్ మార్ తోమా మాత్రం ఇందిరా గాంధీకి ఉత్తరం రాసి ఎమర్జెన్సీ ఎత్తెయ్యమన్నారు, ఆ సంఘానికే చెందిన ఎం.ఎం. థామస్ విమర్శిస్తూ రాస్తూనే ఉన్నారు. ఇద్దరూ ఏ పార్టీ జెండా పట్టుకోలేదు. జైల్లో ఉన్నవాళ్లలో క్రైస్తవులెంతమంది అని లెక్క చూసుకుని మాట్లాడలేదు.

మీ ఊళ్లో ఏదైనా జరిగినప్పుడు మాట్లాడాలా వద్దా అనే సందేహం వస్తే మేం మూడు ప్రశ్నలు వేసుకుంటాం. దెబ్బ తగిలిన మనిషిని మనలో ఒకరైనా స్వయంగా కలిశారా? ఇదే పని మనకి నచ్చిన పార్టీ వాళ్లు చేసి ఉంటే ఇలాగే మాట్లాడేవాళ్లమా? దెబ్బతిన్నవాడు మన మతం వాడు కాకపోయినా మాట్లాడేవాళ్లమా? రెండో ప్రశ్న దగ్గర మా కమిటీ ఒకసారి గంటన్నర ఆగిపోయింది, చివరికి ఉత్తరం రాయలేదు, రాయకపోవడం సిగ్గుగానే ఉంది.

మూడిటికీ అవునని వస్తే, చెయ్యాల్సినవి చేయండి. వెళ్లి చూడండి, తేదీ, టైము, ఏం పోయింది, ఎవరు చూశారు, అన్నీ కాగితం మీద రాయండి. పదిమందిని కొడితే పదిమంది అనే రాయండి, వంద అని రాయకండి. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కాపీ తీసుకోండి. కలెక్టర్‌కి ఇచ్చే వినతిపత్రంలో పార్టీ పేరు లేకుండా జరిగిన పనీ, కావలసిన న్యాయమూ మాత్రమే రాయండి, మత స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 25వ అధికరణం గుర్తు చేయండి. వీలైతే సంతకాల్లో ఊళ్లో హిందూ, ముస్లిం పెద్దలవీ తీసుకోండి. ఇస్తారా అని అనుమానపడకుండా అడగండి. 1948 డిసెంబర్‌లో ఆ అధికరణంలో మత ప్రచారం అనే మాట ఉండాలా వద్దా అని రాజ్యాంగ సభలో వాదన జరిగినప్పుడు, ఉండాలని నిలబడ్డవాళ్లలో కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి ఉన్నారు. ఇద్దరూ హిందువులే. క్రైస్తవ బడుల్లో, కాలేజీల్లో చదువుకున్నాను, నన్ను మతం మారమని ఎవరూ అనలేదని కృష్ణమాచారి సభలోనే చెప్పారు. ఆ మాట వెనక పేరు తెలియని ఎంతమంది టీచర్లు ఉన్నారో.

2023 మే 3న మణిపూర్‌లో కుకీలకీ మెయితీలకీ మధ్య అల్లర్లు మొదలైనప్పుడు మన దగ్గర చాలా ప్రార్థన కూడికల్లో కథ రెండు ముక్కల్లో చెప్పారు, కుకీలు క్రైస్తవులు, మెయితీలు హిందువులు అని. మెయితీల్లోనూ క్రైస్తవులున్నారు, వాళ్ల చర్చిలూ ధ్వంసమయ్యాయి, రెండు వైపుల జనమూ ఇళ్లు వదిలి శిబిరాల్లో పడ్డారు. మా యౌవనస్థుల్లో ఒక అమ్మాయి నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఇద్దరు మణిపూర్ అమ్మాయిలు ఉండేవారట, ఒకరు ఇటు, ఒకరు అటు. ఆ సంగతి చెప్పి ఇద్దరి ఇళ్ల కోసమూ ఆమె చేసిన ప్రార్థన, అంతకుముందు మేం చేసిన అరగంట ఉపన్యాసం కంటే నయం.

చేతులకి ఒకే పని ఇవ్వండి

మీటింగులు పెట్టి సమాధానపరచాలని చూడకండి. ఎదురెదురుగా కుర్చీలేసి "మీ మనసులో ఉన్నది చెప్పండి" అంటే మన మగవాళ్లు మనసులో లేనిది కూడా చెప్తారు. పక్కపక్కన నిలబెట్టి పని చెప్పండి.

మాకు ఇది ప్లాన్ చేస్తే వచ్చింది కాదు. 2013 నవంబర్, కోత పండగ. మా దగ్గర ఆ రోజు అందరూ తెచ్చిన కూరగాయలూ కోళ్లూ బియ్యం ఆరాధన తర్వాత వేలం వేస్తారు. వంట చూసుకునే అక్క ఒకామె ఉంది, ఎవర్నీ లెక్క చేయదు. పొద్దున్నే ఆ వరంగల్ ఆయన్నీ తెనాలి ఆయన్నీ పిలిచి చెరో పీటా కత్తీ ఇచ్చి ముప్పై కేజీల ఉల్లిపాయల ముందు కూర్చోబెట్టింది. గంట సేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఉల్లిపాయలు కాబట్టి ఇద్దరి కళ్లూ కారుతున్నాయి, అది చూసి పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం వేలంలో వరంగల్ ఆయన భార్య తెచ్చిన గుమ్మడికాయ వచ్చింది. యాభై, వంద అంటున్నారు. వెనక నుంచి తెనాలి ఆయన "అయిదు వందలు" అన్నారు. అంతే, వరంగల్ ఆయన తన ఇంటి గుమ్మడికాయకి తానే "ఆరు వందలు" అన్నారు. పదకొండు వందల దగ్గర తెనాలి ఆయనకి దక్కింది. అది ఎత్తుకుని బండి దగ్గరికి తీసుకెళ్లి పెట్టింది వరంగల్ ఆయన.

వాళ్ల అభిప్రాయాలేమీ మారలేదు. ఫిబ్రవరిలో బిల్లు లోక్‌సభలో పాసైన రోజు మళ్లీ మాటలు ఆగిపోయాయి, ఈసారి రెండు వారాలే.

ప్రభురాత్రి భోజనం దగ్గర కూడా ఒక చిన్న మార్పు చేశాం. వరస వరసగా ఎవరి కుటుంబంతో వాళ్లు వచ్చే బదులు, పెద్దవాళ్లు ముందుగా, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ మోకరించాలి అన్నాం. పక్కన ఎవరు వస్తారో తెలీదు. రోమా అండతో నడిచే పాలనకి సుంకం వసూలు చేసిన మత్తయీ, ఆ రోమా మీద మండిపడే జెలోతేల పేరు పెట్టుకున్న సీమోనూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారంటే, ఆ గదిలో చూపులు ఎలా ఉండేవో ఊహించుకోండి.

ఫలితాల తర్వాతి ఆదివారం

అసలు పరీక్ష ఇదే, ఎవరూ దీనికి సిద్ధపడరు. 2014లో ఓట్ల లెక్కింపు మే 16, శుక్రవారం. ఆదివారానికి గెలిచినవాళ్ల మొహాలు ఒకలా, ఓడినవాళ్ల మొహాలు ఒకలా.

ఆవరణలో స్వీట్లు పంచనివ్వకండి, ఇంటి దగ్గర పంచుకోమనండి. గెలిచిన ప్రభుత్వం దేవుడు పంపిన కోరెషు (యూదుల్ని చెర నుంచి విడిపించిన పారశీక రాజు) అనో, ఓడించిన జనం ఐగుప్తు అనో ప్రసంగంలో రానివ్వకండి. ఆ వారం పాఠం ఏముందో అదే చెప్పమని కాపరికి చెప్పండి. ఆ రోజు రాని కుటుంబాలెవరో రాసుకుని సాయంత్రంలోపు ఎవరో ఒకరు వెళ్లాలి, ఫోన్ చాలదు. సండే స్కూల్ టీచర్లకి ముందే చెప్పండి, పిల్లలు ఇంట్లో విన్న మాటలే తెచ్చి ఇంకో పిల్లవాడి మీద వేస్తారు. మా దగ్గర ఆరేళ్ల పాప ఒకతి "మీరు మీ ఊరికి ఎప్పుడు పోతారు?" అని పక్క పిల్లని అడిగింది. పుట్టింది ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో.

ఆ తర్వాత జూన్ 1 కూడా ఆదివారమే వచ్చింది. మర్నాటికి రెండు రాష్ట్రాలు. విజ్ఞాపన ప్రార్థనకి ఆ ఇద్దర్నే పిలిచాం. వరంగల్ ఆయన కొత్తగా రాజధాని వెతుక్కోవాల్సిన రాష్ట్రం కోసం ప్రార్థించారు, తెనాలి ఆయన కొత్తగా పుట్టబోయే రాష్ట్రం కోసం. తెనాలి ఆయన గొంతు మధ్యలో రెండుసార్లు ఆగింది. అర్ధరాత్రి మా వీధిలో టపాసులు మోగుతుంటే ఆయన నాకు మెసేజ్ పెట్టారు, నిద్ర పట్టట్లేదు, వచ్చే ఆదివారం వాక్యం చదివేది నేనేనా అని. మీరే అని రాశాను.